పాత డీజిల్ ట్రాక్టర్‌కు ఏ నూనె, ఏ కూలెంట్? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 1994 నాటి మాస్సీ 1035 ఇప్పటికీ పని చేస్తోంది. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద వరి మాది. ఏడాదికి రెండు దమ్ములు, మధ్యలో మిల్లుకు వడ్ల ట్రాలీ. ఊళ్లో పాత బండ్లున్న వాళ్లు నూనె డబ్బా కొనేముందు ఫోన్ చేసి అడుగుతుంటారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలకు నాకు తెలిసిన మేరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మీ బండి పుస్తకం ఇంట్లో ఉంటే ముందు అది తీయండి. నా మాటకూ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకాన్నే నమ్మండి.

పుస్తకంలో రాసిన ఇంజన్ ఆయిల్ ఇప్పుడు షాపుల్లో లేదు. దాని బదులు ఏం పోయాలి?

డబ్బా మీద రెండు విషయాలు చూడాలి. మొదటిది చిక్కదనం: 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40 లాంటివి. ముందున్న అంకె నూనె చల్లగా ఉన్నప్పుడు ఎలా పారుతుందో చెబుతుంది, వెనక అంకె ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. రెండోది నాణ్యత: ఏపీఐ అన్న గుర్తు పక్కన సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4 అని ఉంటుంది. "సీ" అంటే డీజిల్ ఇంజన్లది, "ఎస్"తో మొదలయ్యేది పెట్రోలుది. ఎస్ ఒక్కటే ఉన్న మోటార్ సైకిల్ నూనె ట్రాక్టర్‌లో పోయకండి.

పాత పుస్తకాల్లో సీసీ, సీడీ అని ఉంటుంది. ఇప్పుడవి దొరకకపోయినా దిగులు పడక్కర్లేదు. సీఎఫ్-4 1990లో వచ్చింది, సీఐ-4 2002లో. సీఐ-4 నూనెను సీడీ, సీఎఫ్-4, సీహెచ్-4 అడిగే ఇంజన్లలో నిశ్చింతగా పోయొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పాత ఇంజన్‌కు నేను చెప్పేది 15డబ్ల్యూ-40 సీఐ-4. సర్వో, హెచ్‌పీ, మ్యాక్, క్యాస్ట్రాల్ ఏదైనా ఫర్వాలేదు. కంపెనీ పేరు కన్నా ఆ రెండు గుర్తులూ, సీలు పగలని డబ్బా ముఖ్యం.

ఎఫ్ఏ-4 అని రాసి ఉన్నది మాత్రం వద్దు. అది కొత్త రకం లారీ ఇంజన్ల కోసం చేసిన పలచటి నూనె. మన బేరింగులకు అది సరిపోదు.

20డబ్ల్యూ-40 పోస్తే తప్పా?

తప్పేం లేదు. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా 20డబ్ల్యూ నూనె గడ్డకట్టదు. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు 15డబ్ల్యూ నూనె పైన రాకర్ల దాకా కాస్త తొందరగా చేరుతుంది, తేడా అంతే. నిన్నటిదాకా 20డబ్ల్యూ-40 పోసి, ఇంజన్ బాగుంటే, అదే పోస్తూ ఉండండి.

బండి పొగ వదులుతోంది, నూనె ప్రెషర్ ముల్లు కిందికి పడుతోంది. కాస్త చిక్కటి నూనె, లేకపోతే 140 గేర్ ఆయిల్ కలిపి పొయ్యమన్నారు.

గేర్ ఆయిల్ ఇంజన్‌లో పోయకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి. అందులో మసిని కడిగి తేల్చి ఉంచే మందు ఉండదు. చల్లటి ఇంజన్‌లో అది పైకి పారదు, ఆ రెండు నిమిషాల్లోనే బేరింగు గీసుకుపోతుంది. 20డబ్ల్యూ-50 పోస్తే సీజన్ గడవొచ్చు. అది ఊతకర్ర మాత్రమే, వైద్యం కాదు.

నా లెక్క ఇది. వంద లీటర్ల డీజిల్ కాలే లోపు ఒక లీటరు కన్నా ఎక్కువ నూనె తాగితే, ఇంజన్ బోరు పని (అరిగిన సిలిండర్లు బాగు చేయించడం) కోసం డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టాలి. అంతకన్నా తక్కువైతే నూనె వేళకు మారుస్తూ, గేజీ పుల్ల చూసుకుంటూ రెండు మూడేళ్లు నడపొచ్చు. ముందు మాత్రం ప్రెషర్ మీటరే పాడైందేమో చూడండి. వేరే మీటరు బిగించి చూడకుండా ఇంజన్ దించిన వాళ్లు నాకు తెలుసు.

కొత్త నూనె పోసిన రెండు రోజులకే నల్లగా మారింది. దొంగ సరుకా?

డీజిల్ ఇంజన్‌లో నూనె నల్లబడాలి. మసిని గోడలకు పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుని తిరగడమే దాని పని. ఎన్ని రోజులైనా తేనె రంగులోనే ఉంటే అప్పుడు అనుమానించాలి.

నూనె చెడిందో లేదో రంగు చూసి చెప్పలేం. గేజీ పుల్ల నుంచి ఒక చుక్క వడపోత కాగితం మీదో, తెల్లటి అట్ట మీదో వేసి రాత్రంతా ఉంచండి. మధ్యలో నలుపు, బయటికి పోయేకొద్దీ బూడిద రంగుగా పాకితే ఇంకా పని చేస్తోందని అర్థం. నల్లటి ముద్దలాగా ఒకచోటే ఆగి, చుట్టూ పచ్చటి నూనె మాత్రమే పాకితే మసిని మోసే శక్తి అయిపోయింది, మార్చేయండి. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలాగా తగిలితే దుమ్ము లోపలికి వస్తోంది. అప్పుడు నూనె మార్చి ఊరుకోకుండా గాలి ఫిల్టర్ నుంచి ఇంజన్ దాకా ఉన్న రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు చూడండి.

గేజీలో నూనె తగ్గడం లేదు, పైపెచ్చు పెరుగుతోంది. మంచిదే కదా?

ఈ పేజీలో ఇంతకన్నా ప్రమాదమైన సంగతి లేదు. నూనె తనంతట తాను పెరగదు. డీజిల్ దిగుతోందన్నా కావాలి, నీళ్లు దిగుతున్నాయన్నా కావాలి.

డీజిల్ అయితే నూనె పలచబడి, పుల్ల వాసన చూస్తే తెలిసిపోతుంది. బ్లాకు పక్కన బిగించిన ఫీడ్ పంపులో డయాఫ్రం అనే పొర చిల్లుపడడం పాత బండ్లలో ఎక్కువగా కనిపించే కారణం. కారే ఇంజెక్టరు కూడా చేస్తుంది. నీళ్లయితే నూనె పాల కాఫీ రంగులోకి వస్తుంది. కొద్ది నీళ్లయితే కంటికి ఆనవు. ఇనుప రేకును బాగా కాల్చి దాని మీద ఒక చుక్క వేయండి. మంచి నూనె చప్పుడు లేకుండా పొగ వదులుతుంది, నీళ్లు కలిసింది తాలింపు గింజల్లా చిటపటలాడుతుంది. ఒంటి మీద పడకుండా దూరంగా ఉండి చేయండి. నీళ్లని తేలితే హెడ్ గాస్కెట్, లేదా లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) అడుగున ఉండే రబ్బరు రింగులు. కారణం దొరికేదాకా బండిని పొలంలోకి దించొద్దు.

ఎన్ని గంటలకు మార్చాలి? అవర్ మీటర్ ఎప్పుడో ఆగిపోయింది.

డీజిల్ లెక్క పెట్టుకోండి. 35 నుంచి 40 హెచ్‌పీ బండి పనిని బట్టి గంటకు మూడు నుంచి ఐదు లీటర్లు కాలుస్తుంది. సగటున నాలుగు అనుకుంటే 250 గంటలకు వెయ్యి లీటర్లు. మా ఇంట్లో గోడ క్యాలెండర్ మీద కొట్టించిన డీజిల్ రాస్తాం, వెయ్యి దాటగానే నూనె, ఫిల్టరు రెండూ మారుస్తాం. దమ్ము, దుమ్ములో రోటవేటర్ ఎక్కువగా ఉన్న ఏడాది ఆరేడు వందలకే మారుస్తాం. ఇంకో సంగతి: పాత ముల్లు మీటర్లు ఇంజన్ ఒక నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే గడియారంతో సమానంగా నడుస్తాయి. ట్రాలీ లోడింగ్‌లో నెమ్మదిగా ఆడించిన గంట అందులో గంటగా పడదు.

కొన్ని పాత పుస్తకాల్లో వంద, నూట ఇరవై ఐదు గంటలకే మార్చమని ఉంటుంది. దానికి ఒక కారణం అప్పటి డీజిల్. 1990ల మొదట్లో మన డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా, అంటే 10,000 పీపీఎం ఉండేది. అది కాలి, తేమతో కలిసి, యాసిడ్‌గా మారి నూనెలోకి దిగేది. ఆ పులుపును విరిచే మందు నూనెలో తొందరగా ఖర్చయ్యేది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిల్, గంధకం 10 పీపీఎం. అప్పటి నూనె కన్నా ఇప్పటి నూనె కూడా మెరుగు. అందుకే 250 గంటలు ధైర్యంగా చెబుతున్నాను. అయితే మసి, దుమ్ము మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే, కాబట్టి 400, 500 దాకా లాగకండి.

బండిని నెలల తరబడి షెడ్డులో పెట్టేటట్టయితే, పెట్టేముందే నూనె మార్చండి. వాడేసిన నూనెలోని పులుపు బేరింగుల మీద కూర్చుని తింటుంది.

పాత ఇంజన్ లోపల తారులాగా మడ్డి పేరుకుంది. మంచి నూనె పోస్తే అదంతా కదిలి అడ్డుపడుతుందా?

ఈ భయంలో నిజం ఉంది. ఏళ్ల తరబడి విడి నూనె తాగిన ఇంజన్‌లో ఒక్కసారిగా సీఐ-4 పోస్తే అది మడ్డిని కరిగించుకొస్తుంది. ఇంజన్ అడుగున నూనె నిలిచే సంపు విప్పి జల్లెడ కడగగలిగితే అదే మేలైన దారి. లేదంటే మొదటిసారి పోసిన నూనె, ఫిల్టరు 50 గంటలకే మార్చేయండి, రెండోసారి 100 గంటలకు. తర్వాత మామూలే. కిరోసిన్ పోసి ఇంజన్ ఆడించి కడగడం మాత్రం వద్దు. ఆ కాసేపు బేరింగుల మధ్య నూనె పొర ఉండదు.

ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపులో విడిగా నూనె ఉంటుందంటున్నారు, నిజమేనా?

నిజమే, చాలామంది మరిచిపోయేది ఇదే. పాత మైకో వరస పంపుల్లో కొన్నిటికి పంపు పొట్టలో విడిగా ఇంజన్ ఆయిల్ ఉంటుంది, దానికో చిన్న గేజీ గానీ నట్టు గానీ ఉంటుంది. ఇంజన్ నూనె మార్చినప్పుడల్లా దాన్నీ మార్చాలి. పంపు మరమ్మతు ఖర్చు ముందు ఈ నూనె ఖర్చు లెక్కలోకే రాదు.

గాలి ఫిల్టర్ గిన్నెలో ఏ నూనె పోయాలి? వాడేసిన నూనె పోయొచ్చా?

ఇంజన్‌లో పోసే నూనే, గీత దాకా మాత్రమే. వాడేసింది వద్దు. దుమ్ములో పని చేసే రోజుల్లో రోజూ సాయంత్రం గిన్నె విప్పి చూడండి. అడుగున మట్టి అర అంగుళం పేరుకుంటే పారబోసి, కడిగి, కొత్తది పోయాలి. పత్తి చేలల్లో, ఎర్రనేలల్లో దాదాపు రోజూ ఇదే పని.

గీత దాటి పోస్తే ఆ నూనెను ఇంజన్ పీల్చుకుని దాన్నే ఇంధనంగా కాల్చేస్తుంది. అప్పుడు స్టాప్ లాగినా బండి ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. మా పక్క పొలంలో ఒకసారి ఇది జరిగింది. డ్రైవర్ దూకేశాడు. ఇంజన్ దక్కలేదు గానీ మనుషులకేం కాలేదు. అలాంటప్పుడు గాలి పోయే మూతికి చెక్కపలకో, మందపాటి రేకో అడ్డం పెట్టి గాలి ఆపాలి. చెయ్యి అడ్డం పెట్టొద్దు, గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది.

గేర్ బాక్స్‌కు 90 నూనె, 140 నూనె, లేక గేర్లకు, లిఫ్టుకు, నూనె బ్రేకులకు ఒకటే అని అమ్మే ఆ కొత్త "యూటీటీఓ" అనేదా?

ముందు మీ బండి గురించి రెండు సంగతులు తెలుసుకోండి. గేర్ బాక్స్ నూనె, లిఫ్టు నూనె ఒకటేనా, వేరువేరా? బ్రేకులు పొడివా, నూనెలో మునిగేవా? ఈ రెండూ తెలియకుండా షాపుకు వెళ్తే షాపతను చెప్పిందే నూనె అవుతుంది.

మా మాస్సీలాంటి బండ్లలో లిఫ్టు పంపు గేర్ల హౌసింగ్‌లోనే కూర్చుని ఉంటుంది. గేర్లు, క్రౌను (వెనక ఇరుసును తిప్పే పెద్ద పళ్ల చక్రం), లిఫ్టు అన్నీ ఒకే నూనె తాగుతాయి. అందులో 140 పోస్తే చలి పొద్దుల్లో లిఫ్టు లేవదు. పంపు నూనె లాగలేక మూలుగుతుంది. గేర్ బాక్స్ విడిగా ఉండి, పొడి బ్రేకులున్న బండ్లలో పుస్తకం 90 అంటే 90, లేదా 80డబ్ల్యూ-90 పోయండి. క్రౌను శబ్దం తగ్గుతుందని 140 పోస్తారు. శబ్దం తగ్గుతుంది, అరుగుదల మాత్రం ఆగదు.

బ్రేకులు నూనెలో మునిగేవైతే యూటీటీఓ రకమే పోయాలి, బండి కంపెనీ చెప్పిన నంబరుతో. బ్రేకు పలకలు పట్టాల్సినంత పట్టేలా, కిర్రుమనకుండా ఉండేలా అందులో మందు ఉంటుంది. మామూలు గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు తొక్కినప్పుడల్లా బండి గడగడలాడుతుంది, పలకలు నునుపెక్కి పట్టు పోతుంది. వడ్ల ట్రాలీతో కాలువ కట్ట దిగేటప్పుడు పట్టు లేని బ్రేకు ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పాలా?

ఇంకొకటి, గేర్ నూనె డబ్బా మీద ఉండే జీఎల్-4, జీఎల్-5 గుర్తుల తేడా. అయిదు నాలుగు కన్నా పెద్దది కాబట్టి మంచిదనుకుంటారు. జీఎల్-5లో గంధకం మందు ఎక్కువ. వేడి మీద అది కంచు బుష్షుల్ని, ఇత్తడి భాగాల్ని తినగలదు. పాత గేర్ బాక్స్‌కు పుస్తకం జీఎల్-4 అంటే జీఎల్-4 మీదే ఉండండి.

ఏ నూనైనా కొలత గీత దాటించొద్దు. హౌసింగ్‌లో ఎక్కువైన నూనె ఇరుసు సీళ్లు దాటి పొడి బ్రేకుల్లోకి చేరుతుంది.

దమ్ము తర్వాత గేర్ నూనె తెల్లగా మారింది. ఏం చేయాలి?

మొత్తం దించేయాలి, వేరే దారి లేదు. ఇనుప చక్రాలతో మడిలో తిరిగిన బండికి ఇరుసు సీళ్ల నుంచి, గేజీ రంధ్రం నుంచి, గాలి పోయే బ్రీదర్ నుంచి నీళ్లు, బురద లోపలికి పోతాయి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి మడి నీళ్లలో నిలబడగానే లోపలి గాలి ముడుచుకుని బయటి తడిని లాగుతుంది. అందుకే దమ్ము మధ్యలో టీ తాగడానికి బండిని గట్టెక్కించి ఆపమంటాను.

దమ్ములైపోయిన మర్నాడు పొద్దున, బండి కదపకముందు అడుగు నట్టు కొద్దిగా వదులు చేయండి. నీళ్లు నూనె కన్నా బరువు కాబట్టి రాత్రంతా కిందికి దిగి ముందుగా అవే వస్తాయి. నాలుగు చుక్కలు వచ్చి నూనె మొదలైతే నట్టు బిగించేయొచ్చు. గ్లాసుడు వస్తే నూనె మార్చాలి. పాల రంగు వచ్చేసిందంటే వేడి మీద దించి, కొత్తది పోసి, కొన్ని రోజుల పని తర్వాత మళ్లీ చూడండి. హౌసింగ్ నూనె ఖరీదైనదే, పదుల లీటర్లు పడుతుంది. కానీ నీళ్లు కలిసిన నూనెతో ఒక ఎండాకాలం షెడ్డులో ఉంచితే బేరింగులన్నీ తుప్పు చుక్కలు పడతాయి. సీలు మార్చకుండా నూనె మాత్రమే మారిస్తే వచ్చే పంటకు మళ్లీ ఇదే పాట. ముందు చక్రాల హబ్బుల్లోనూ గ్రీజు తీసి చూడండి.

మన ఎండలకు కూలెంట్ ఎందుకు? నీళ్లు చాలవా?

ఇక్కడ రేడియేటర్‌లో నీళ్లు గడ్డకట్టవు, నిజమే. మనకు కూలెంట్ కావాల్సింది తుప్పు కోసం, ఉప్పు కోసం. మా వైపు బోరు నీళ్లు బకెట్‌లో నాలుగు రోజులుంచితే అంచున తెల్లటి పొర కడుతుంది. అదే పొర లైనర్ల చుట్టూ, హెడ్ లోపల కడుతుంది. గోరు మందం పొర చాలు, ఇంజన్ వేడి నీళ్లలోకి దిగదు. రేడియేటర్ చల్లగా ఉంటుంది, లోపల పిస్టన్ పట్టేస్తుంటుంది. పాత బండ్ల హెడ్లు పగలడానికి నూనె కన్నా ఈ నీళ్లే ఎక్కువ కారణమని నా నమ్మకం. నూనెకు వేల రూపాయలు పెట్టే రైతు నీళ్ల దగ్గర ఏ నీళ్లైతే ఏంలే అనుకుంటాడు.

రెండో దెబ్బ కంటికి కనపడదు. లైనర్ బయటివైపు నీళ్లు తగిలే ఇంజన్లలో, ప్రతి పేలుడుకూ లైనర్ అదిరి నీళ్లలో సన్నటి బుడగలు పుట్టి పగులుతాయి. ఆ పగిలే దెబ్బకు ఇనుము చెదలు తిన్నట్టు గుంటలు పడి చివరికి లోపలికి చిల్లు పడుతుంది. కూలెంట్‌లోని మందు లైనర్ మీద పలచటి పొర కట్టి దీన్ని ఆపుతుంది. ఒట్టి నీళ్లకు ఆ శక్తి లేదు.

పచ్చదా, ఎర్రదా? ఎంత కలపాలి?

రంగుకు చట్టం లేదు, ఏ కంపెనీ ఏ రంగైనా వేసుకోవచ్చు. డబ్బా మీద రకం చదవండి. రాగి, ఇత్తడితో చేసి సీసం అతుకులు వేసిన పాత రేడియేటర్లకు నేను పాత పద్ధతి మందున్న కూలెంటే వాడతాను. సాధారణంగా అది పచ్చగా వస్తుంది. ఎక్కువ కాలం వచ్చే ఆర్గానిక్ యాసిడ్ రకాలు కొత్త అల్యూమినియం రేడియేటర్లకు బాగుంటాయి. రెండు రకాలను కలపొద్దు. కలిపితే మందులు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, ఒక్కోసారి జిగురు కడుతుంది.

చిక్కటి కూలెంట్ అయితే మూడో వంతుకు తగ్గకుండా, సగానికి మించకుండా కలపండి. సగం సగం కలిపితే దాదాపు 107 డిగ్రీల దాకా మరగదు, ఏడు పౌండ్ల రేడియేటర్ మూత సరిగ్గా ఉంటే ఇంకో పది పన్నెండు డిగ్రీలు కలిసొస్తాయి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అనుకోవద్దు. నీళ్లంత వేడిని కూలెంట్ మోయలేదు. "కలపనక్కర్లేదు" అని రాసి ఉన్న డబ్బాలో నీళ్లు ముందే కలిపి ఉంటాయి, మళ్లీ నీళ్లు పోయకండి.

కలిపే నీళ్లు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అయితే మేలు. ఊరి ఫిల్టర్ ప్లాంటు నీళ్లూ ఫర్వాలేదు. అదే ప్లాంటు బయటికి వదిలేసే నీళ్లు మాత్రం బోరు నీళ్ల కన్నా ఉప్పన, వాటి జోలికి పోవద్దు. పచ్చ రకాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. ఇన్నాళ్లూ బోరు నీళ్లతో నడిచిన బండైతే ముందు రేడియేటర్ విప్పించి కడిగించండి. మడ్డి మీద కూలెంట్ పోసి లాభం లేదు.

పాత ఐషర్లలో గాలితో చల్లబడే ఇంజన్లున్నాయి, వాళ్లకు ఈ గొడవ లేదు. రెక్కల మధ్య పొట్టు, మట్టి లేకుండా చూసుకుంటే చాలు.

బండి వేడెక్కుతోందని మెకానిక్ థర్మోస్టాట్ తీసి పారేశాడు. ఉండాలా?

ఉండాలి. అది ఇంజన్‌ను 80 డిగ్రీల దరిదాపుల్లో నిలబెడుతుంది. తీసేస్తే చిన్న పనులకు ఇంజన్ అసలు వేడెక్కదు, డీజిల్ సరిగా కాలక బోరు గోడల నుంచి నూనెలోకి దిగుతుంది, రింగులు తొందరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలోనే తిరిగి, బరువు పనిలో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. అసలు కారణం వేరే ఉంటుంది: పొట్టుతో మూసుకున్న జాలీ, వదులైన ఫ్యాన్ బెల్టు, పట్టు పోయిన మూత, లోపలి ఉప్పు పొర. వాటిని ఒక్కొక్కటే చూడండి. మరుగుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు పోయొద్దు, హెడ్ పగులుతుంది. నెమ్మదిగా ఆడనిచ్చి, ఆపి, చల్లారాకే మూత తీయండి.

విడి నూనె చవగ్గా దొరుకుతోంది. కొనొచ్చా?

వద్దు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. డబ్బా సీలు చూసి, బిల్లు అడిగి కొనండి. మీది అయిపోయాక ఖాళీ డబ్బాను కత్తితో కోసేయండి. మంచి డబ్బా ఎక్కడికి పోయి, దేనితో నిండి మళ్లీ వస్తుందో తెలియదు.

తీసిన పాత నూనె, కూలెంట్ ఏం చేయాలి?

పాత నూనె డబ్బాల్లో పోసి, వాడిన నూనె సేకరించే వాళ్లకే ఇవ్వండి. కాలువలో పోస్తే కింది మళ్లన్నిటికీ చేరుతుంది. ఎడ్ల బండి ఇరుసుకు పెట్టే కందెన వేరు, ఇది వేరు. కందెనలాగా దీన్ని పశువుల పుండ్లకు రాసే అలవాటు మానుకోవాలి. ఇందులో చర్మానికి హాని చేసే మసి ఉంటుంది. మీ చేతులు కూడా వెంటనే సబ్బుతో కడుక్కోండి.

కూలెంట్ ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది తియ్యగా ఉంటుంది. కుక్కలు, దూడలు నాకుతాయి, కొద్దిగా తాగినా మూత్రపిండాలు పోతాయి. పిల్లలకూ అంతే. వాకిట్లో తొట్టిలో తీసి వదిలేయకండి. మూతున్న క్యానులోకి పట్టి, మీద "విషం" అని పెద్దక్షరాలతో రాసి, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి.